చేప ఒంట్లో బ్యాటరీ



జీవశాస్త్రం పీరియడులో మనకు కణం గురించి చెబుతారు. భౌతికశాస్త్రం పీరియడులో ఘటం గురించి చెబుతారు. కణం మన శరీరంలో ఉండేది, ఘటం టార్చిలైటులో వేసేది. రెండు పుస్తకాలు, ఇద్దరు సార్లు. ఇంగ్లీషు మీడియం వాళ్ళు మాత్రం రెంటినీ సెల్ అనే అంటారు. ఒకే మాటతో పరీక్షలో ఎలా నెట్టుకొస్తారో అని మనం నవ్వుకుంటాం గానీ, ఆ రెండూ నిజంగా ఒకటే అయిన జీవి ఒకటుంది. అదే విద్యుత్ ఈల్.

ఈ చేప గురించి ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం నాడు మేము హాస్టల్లో చార్టు గీసి చెప్పాం. అందరూ చప్పట్లు కొట్టారు. అయిపోయాక ఏడో తరగతి తమ్ముడు ఒకడు మా దగ్గరికి వచ్చి అడిగాడు. "అన్నా, నీళ్ళలో కరెంటు వదిలితే ఆ చేపకేం కాలేదు గదా. మరి మా బాబాయి ఎందుకు చచ్చిపోయాడు?"

వాళ్ళ ఊళ్ళో వానాకాలం వాగు పారినప్పుడు కొందరు మోటారు స్టార్టరు నుంచి వైరు లాగి నీళ్ళలో దించి చేపలు పడతారట. వైరు తీసేశారనుకుని వాళ్ళ బాబాయి వాగులో దిగాడు. అప్పటికింకా తీయలేదు. ఈ మాట విన్నాక మాకు నోట మాట రాలేదు. జవాబు కూడా తెలియదు. ఆ జవాబు కోసం చదివిందే ఈ వ్యాసం. దారిలో చాలా వింతలు కనబడ్డాయి. అవీ రాస్తున్నాం.

ఈ చేప ఎలాంటిది?

విద్యుత్ ఈల్ దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో నదుల ప్రాంతంలో ఉంటుంది. పేరు ఈల్ అయినా, చూడటానికి మన మలుగుపాములా ఉన్నా అది అసలు ఈల్ జాతి కాదు. మన వాలుగ, జెల్ల చేపలకే అది దగ్గరి చుట్టం. బురద నీళ్ళలో ప్రాణవాయువు చాలదు కాబట్టి పది నిమిషాలకోసారి పైకి వచ్చి నోటితో గాలి మింగి పోతుంది. చెరువులో కొర్రమీను పైకి వచ్చి బుడగ వదిలి మునగడం చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది.

దీని పొడవు రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది. అందులో గుండె, కాలేయం, పేగులు అన్నీ ముందువైపు ఐదో వంతులోనే ఇరికించి ఉంటాయి. మిగిలిన నాలుగు వంతుల్లో ఎక్కువ భాగం కరెంటు పుట్టించే అవయవాలే. ఇల్లు చిన్నది, గోదాము పెద్దది అన్నమాట.

1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అప్పటి నుంచి 250 ఏళ్ళకు పైగా ఇదంతా ఒకే జాతి అనుకున్నారు. 2019 సెప్టెంబరులో డి సాంటానా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త, ఆయన బృందం ఇవి మూడు వేర్వేరు జాతులని తేల్చారు. అందులో ఒకదాని దగ్గర 860 ఓల్టులు నమోదయ్యాయి. అంతకుముందు రికార్డు 650. ఈ కొత్త జాతికి ఎలక్ట్రోఫోరస్ వోల్టాయి అని పేరు పెట్టారు. ఆ పేరులో ఉన్న వోల్టా ఎవరో తర్వాత చెబుతాం.

860 ఓల్టులంటే ఎంత? టార్చి సెల్లు ఒకటి 1.5 ఓల్టులు. అంటే 573 సెల్లులు వరసగా పెట్టాలి. పెద్ద సెల్లు ఒకటి ఆరు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి ఆ వరస 34 మీటర్లవుతుంది. అంత వరసను ఈ చేప రెండున్నర మీటర్ల ఒంట్లో ఎలా పట్టించుకుంది? పాఠంలో అసలు విషయం ఇదే. కాస్త నిదానంగా చదవండి.

కణమే ఘటం

మన శరీరంలో ప్రతి కణానికీ పొర ఉంటుంది. పొర లోపల పొటాషియం అయాన్లు ఎక్కువ, బయట సోడియం అయాన్లు ఎక్కువ. ఈ తేడా ఊరికే ఉండదు. పొరలో ఉన్న పంపులు సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి ఎప్పుడూ తోడుతూనే ఉంటాయి. మనం తిన్న అన్నంలో కొంత శక్తి ఈ తోడుడుకే పోతుంది. అందువల్ల పొరకు ఇటూ అటూ చిన్న పొటెన్షియల్ భేదం ఏర్పడుతుంది. మన నాడులు, కండరాలు, గుండె నడిచేది దీనితోనే.

ఈల్ ఒంట్లో కండరాల నుంచి పుట్టిన ప్రత్యేక కణాలున్నాయి. వాటిని ఎలక్ట్రోసైట్లు అంటారు. ఇవి బిళ్ళల్లా పలచగా ఉంటాయి. ఊరికే ఉన్నప్పుడు బిళ్ళకు రెండు వైపులా భేదం సమానంగా, ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బయటికి కరెంటు రాదు. మెదడు నుంచి నాడి ద్వారా ఆజ్ఞ రాగానే బిళ్ళకు ఒక వైపున మాత్రమే సోడియం తలుపులు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది. ఆ వైపు భేదం తారుమారవుతుంది. ఇప్పుడు రెండు వైపులవీ కలిసి సుమారు 0.15 ఓల్టు అవుతుంది.

0.15 ఓల్టుతో చీమ కూడా అదరదు. కానీ బిళ్ళలు వేల సంఖ్యలో తల నుంచి తోక దాకా దొంతరగా ఉన్నాయి. 860ని 0.15తో భాగించి చూడండి. 5,700 పైచిలుకు వస్తుంది. ఇదే మన శ్రేణి సంధానం! ఇలాంటి దొంతరలు పక్కపక్కనే మళ్ళీ ఎన్నో ఉంటాయి. అది సమాంతర సంధానం. మొదటిది ఓల్టేజి పెంచుతుంది, రెండోది కరెంటు పెంచుతుంది.

సముద్రంలో టార్పెడో అనే టేకు చేప కూడా షాకు కొడుతుంది. ఉప్పునీటికి నిరోధం తక్కువ. అక్కడ ఎక్కువ ఓల్టేజి అవసరం లేదు, ఎక్కువ కరెంటు కావాలి. అందుకే దాని ఒంట్లో దొంతరలు పొట్టివి, సంఖ్యలో మాత్రం బోలెడు. మంచినీటికి నిరోధం ఎక్కువ. కాబట్టి ఈల్‌కు పొడవాటి దొంతరలు. రెండు చేపలూ ఓం నియమం చదువుకుని పుట్టినట్టు లేదూ?

మన తీరంలోనూ ఇలాంటి టేకు చేపలున్నాయి. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో దొరికే చేపల బొమ్మలు వేయించి 1803లో పుస్తకం అచ్చు వేశాడు. అందులో మన బెస్తవాళ్ళు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. షాకు కొట్టే చేపలకు ఉన్న పేర్లు తిమ్మిరి, నల్ల తిమ్మిరి. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది, అందుకని ఆ పేరు. కరెంటు అనే మాట మన ఊళ్ళకు రాకముందే ఆ పేరు ఉంది. ఈ రస్సెల్ పాములపై కూడా పుస్తకం రాశాడు. రక్తపింజరను ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు.

కప్ప కాలు, నాణేల దొంతర

ఇప్పుడు వోల్టా దగ్గరికి వద్దాం. ఇటలీలో గాల్వానీ అనే ఆయన చచ్చిన కప్ప కాలికి రెండు రకాల లోహాలు తగిలించి చూశాడు. కాలు ఎగిరిపడింది. కరెంటు జంతువు ఒంట్లోనే ఉందని 1791లో ప్రకటించాడు. వోల్టా ఒప్పుకోలేదు. కరెంటు పుట్టింది రెండు లోహాల వల్ల, కప్ప కాలు తడిగా ఉంది కాబట్టి దారి ఇచ్చిందంతే అన్నాడు. ఏళ్ళ తరబడి గొడవ జరిగింది.

తన మాట నిజమని చూపించడానికి వోల్టా వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్క, ఇలా ఒకదానిమీద ఒకటి పేర్చాడు. అడుగు, పై బిళ్ళలను ముట్టుకుంటే షాకు కొట్టింది. ఆగకుండా కరెంటునిచ్చే మొదటి బ్యాటరీ అదే. 1800 మార్చి 20న లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తూ దానిని కృత్రిమ విద్యుత్ అవయవం అన్నాడు. టార్పెడో చేప అవయవం ఆయన మనసులో ఉంది. అంటే మనం టార్చిలో వేసే సెల్లుకు తాత ఒక చేప! మా అభిప్రాయంలో ఆ గొడవలో ఎవరూ ఓడలేదు. లోహాల గురించి వోల్టా చెప్పింది నిజం. ఒంట్లో కరెంటు ఉందని గాల్వానీ చెప్పిందీ నిజమే.

దొంతర సంగతి చేసి చూడాలని మేము నిమ్మకాయలతో ప్రయత్నించాం. పులిహోరకు తెచ్చిన కాయల్లోంచి నాలుగు ఇమ్మని వంటాయనను బతిమాలాం. ఒక్కో కాయలో ఒక పక్క రాగి తీగ, ఇంకో పక్క జింకు పూత మేకు గుచ్చాం. ఒక కాయ సుమారు 0.9 ఓల్టు ఇస్తుంది. చిన్న ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే 1.8 ఓల్టులైనా ఉండాలి. రెండు కాయలు చాలాలి కదా? చాలలేదు. మూడు పెట్టినా వెలగలేదు. నాలుగోదీ పెట్టాం, చీకటే. స్టడీ అవర్ అయిపోవచ్చింది. చివరికి చూస్తే ఒక కాయ తిరగబడి ఉంది. రాగి ఉండాల్సిన చోట మేకు ఉంది. ఒక్కటి తిరగబడితే దాని ఓల్టేజి పోవడమే కాదు, పక్కదాని ఓల్టేజిని కూడా కొట్టేస్తుంది. సరిచేశాక లైట్లార్పి చూస్తే ఎల్‌ఈడీ మిణుకుమంది. ఈల్ ఒంట్లో 5,700 బిళ్ళలూ ఒకే వైపు తిరిగి ఉండాలి, అన్నీ ఒకేసారి పేలాలి. మేము నాలుగింటికే చెమటలు కక్కాం.

మీరు కూడా చేయండి. ఎల్‌ఈడీ పొడుగు కాలు ధన ధ్రువానికి కలపాలి. ఆ కాయలు తర్వాత తినకూడదు, వాటిలో జింకు దిగుతుంది. గోడ ప్లగ్గుతో మాత్రం ఏ ప్రయోగమూ చేయవద్దు.

ఈమధ్య బయటపడ్డ వింతలు

కెన్నెత్ కటానియా అనే అమెరికా శాస్త్రవేత్త 2014లో ఒక సంగతి బయటపెట్టాడు. ఈల్ వేటాడేటప్పుడు ముందు రెండు షాకులు జంటగా వదులుతుంది. దాక్కున్న చేప కండరాలు తమంతట తామే ఒక్కసారి అదురుతాయి. నీళ్ళు కదిలాయి, చోటు తెలిసిపోయింది. అప్పుడు సెకనుకు 400 దాకా షాకులు వరసగా వదిలి ఆ చేపను కట్టెలా బిగుసుకుపోయేలా చేసి మింగుతుంది. అవతలి చేప కండరాలను దాని నాడుల ద్వారా దూరం నుంచే ఆడించడం! టీవీ రిమోటు మనకెప్పుడొచ్చింది, దానికెప్పుడొచ్చింది?

1800లో హంబోల్ట్ అనే యాత్రికుడు వెనిజులాలో ఒక మడుగులోకి గుర్రాలను తోలితే ఈల్‌లు ఎగిరి వాటిమీద పడ్డాయని రాశాడు. చాలామంది కోతలు కోశాడన్నారు. ఈల్ నీళ్ళలోంచి పైకి లేచి గడ్డం ఆనించి షాకు కొట్టగలదని 2016లో కటానియా నిరూపించాడు. మరుసటి ఏడు తన చేతినే తొట్టిలో పెట్టి, చిన్న ఈల్ కొట్టిన షాకును కొలుచుకున్నాడు. 40 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు వచ్చింది.

ఈల్ ఒంటరిగా వేటాడుతుందని అందరూ అనుకునేవారు. బ్రెజిల్‌లో ఇరిరి నది పక్కన ఒక చెరువులో వందకు పైగా ఈల్‌లు కలిసి చిన్న చేపల గుంపును చుట్టుముట్టి లోతు తక్కువ చోటికి తోలి, వాటిలో కొన్ని ఒకేసారి షాకు కొట్టడం పరిశోధకులు చూశారు. ఈ సంగతి 2021 జనవరిలో ప్రచురితమైంది. మన ఊళ్ళో అందరూ వరసకట్టి వల లాగినట్టే ఉంది.

కరెంటు పుట్టించకపోయినా పసిగట్టే జీవులూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ గుడ్లు పెట్టే క్షీరదం అని చదివాం కదా. అది నీళ్ళలో కళ్ళు, చెవులు, ముక్కు మూసుకుని ముక్కుపుటలతో పని లేకుండా వేటాడుతుంది. దాని మూతిలో కరెంటును గుర్తించే గ్రాహకాలు 40 వేల దాకా ఉన్నాయి. రొయ్యపిల్ల తోక ఆడిస్తే పుట్టే కొద్దిపాటి కరెంటు చాలు దానికి. 1986లో పరిశోధకులు నీళ్ళలో మామూలు బ్యాటరీ దాచిపెడితే దాన్ని కూడా వెతికి పట్టింది.

బంబుల్ బీ అనే బొద్దు తేనెటీగ ఎగిరేటప్పుడు ధనావేశం పొందుతుంది. నేలలో వేరున్న పువ్వుకు ఋణావేశం ఉంటుంది. ఈగ వాలగానే పువ్వు ఆవేశం కాసేపు మారుతుంది. ఇంగ్లండులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు 2013లో కృత్రిమ పువ్వులు చేసి, 30 ఓల్టులు ఇచ్చిన వాటిలో తీపి, ఇవ్వని వాటిలో చేదు పెట్టారు. ఈగలు తీపి పువ్వులను గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. స్విచ్చి ఆపేస్తే మళ్ళీ తికమకపడ్డాయి. ఒంటిమీది నూగు వెంట్రుకలు కదలడం వల్ల వాటికి ఇది తెలుస్తుందని 2016లో తేలింది.

తమ్ముడి ప్రశ్న

ఇక జవాబు. ఈల్ ఒక్క షాకు నిలిచేది సెకనులో వెయ్యో వంతులు రెండు మాత్రమే. 860 ఓల్టులు, ఒక ఆంపియరు అని ఎక్కువలో ఎక్కువ లెక్క కట్టినా 860 వాట్లు. దాన్ని 0.002 సెకనుతో హెచ్చిస్తే 1.72 జౌళ్ళు. తొమ్మిది వాట్ల బల్బు ఆ శక్తితో పావు సెకను కూడా వెలగదు. ఎరను బిగుసుకుపోయేలా చేయడానికి అది చాలు. పైగా ఈల్ ఒళ్ళు పెద్దది, ఎర చిన్నది. గుండె, మెదడు ముందువైపు ఒక మూలన ఉన్నాయి. కరెంటులో ఎక్కువ భాగం నీళ్ళలోకి పోతుంది. ఈల్‌కు దెబ్బ తగలకపోవడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాలివి.

మోటారు వైరు కరెంటు అలా కాదు. ఒక ఫేజుకు 230 ఓల్టులు. మోటారుకు వచ్చే మూడు ఫేజుల్లో రెంటి మధ్య 400 పైనే. ఓల్టులు ఈల్ కన్నా తక్కువే. కానీ అది ఆగదు. సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటూ, ఎవరో స్విచ్చి ఆపేదాకా పారుతూనే ఉంటుంది. కండరాలు బిగుసుకుపోతాయి, వదిలించుకుని పోదామన్నా కాళ్ళు రావు. గుండె కూడా సోడియం, పొటాషియం లెక్కతో నడిచే కండరమే అని పైన చెప్పుకున్నాం. బయటి కరెంటు దాని లయను చెడగొడితే అది కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. నీళ్ళలో నిలబడ్డవాడి చర్మం తడిసి నిరోధం పడిపోతుంది కాబట్టి కరెంటుకు దారి ఇంకా సులువు.

ఇదంతా ఆ తమ్ముడికి బోర్డు మీద గీసి చెప్పాం. వాడు విన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఈ ఏడాది కూడా వైరు దించుతున్నారని అన్నాడు. సెలవులకు పోయినప్పుడు ఈ లెక్క వాళ్ళకు చెబుతానని కాగితం మీద రాసుకున్నాడు. అలాంటి ఊళ్ళు మనలో చాలామందికి ఉన్నాయి. ఎవరైనా అలా కరెంటు తగిలి పడిపోతే ముందు మెయిను ఆపాలి, ఆపకుండా నీళ్ళలో దిగకూడదు. తర్వాత 108కి ఫోను చేయాలి.

మెత్తటి బ్యాటరీ

చెడిన గుండె లయను బాగుచేసేదీ కరెంటే. ఆ యంత్రాన్ని పేస్‌మేకర్ అంటారు. ఒంట్లో అమర్చే పేస్‌మేకర్‌ను మొదటిసారి 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకు పెట్టారు. అది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత మార్చుకుంటూ పోయారు. ఇరవైకి పైగా యంత్రాలతో ఆయన 86 ఏళ్ళు జీవించి 2001లో కన్నుమూశారు. ఇప్పటివి చాలా ఏళ్ళు వస్తాయి. అయినా బ్యాటరీ అయిపోతే మళ్ళీ ఆపరేషను చేయాల్సిందే. పైగా ఆ బ్యాటరీ గట్టిది, లోపల రసాయనాలున్నాయి. ఒళ్ళు మెత్తనిది.

అందుకే శాస్త్రవేత్తలు మళ్ళీ ఈల్ దగ్గరికి వెళ్ళారు. అమెరికాలోని మిషిగన్, స్విట్జర్లాండులోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయాల వారు 2017 డిసెంబరులో లోహం బిళ్ళలు పేర్చకుండా మెత్తటి బ్యాటరీ చేసి చూపించారు. జున్నులా మెత్తగా, నీళ్ళతో నిండి ఉండే జెల్ చుక్కలను ప్రింటరుతో షీటు మీద అచ్చు వేశారు. చుక్కలు నాలుగు రకాలు. ఒకటి బాగా ఉప్పు, ఇంకొకటి తక్కువ ఉప్పు. ధన అయాన్లను మాత్రమే పోనిచ్చేది మూడోది, ఋణ అయాన్లను మాత్రమే పోనిచ్చేది నాలుగోది. ఇవి ఒకదాన్నొకటి ఆనుకోగానే సోడియం అయాన్లు ఒక దిక్కుకు, క్లోరిన్ అయాన్లు ఎదురు దిక్కుకు కదులుతాయి. అదే కరెంటు. మనం కూరలో వేసే ఉప్పు!

మొత్తం 2,449 చుక్కలు కలిపితే 110 ఓల్టులు వచ్చాయి. నాలుగేసి చుక్కలు ఒక ఘటం అనుకుంటే 612 ఘటాలు. ఒక్కోటి 0.18 ఓల్టు. ఈల్ బిళ్ళ 0.15 కదా, రెండూ ఇంచుమించు సమానం. చుక్కలన్నీ ఒకేసారి ఆనుకోవాలి కాబట్టి షీటును కాగితం మడతలా మడిచే పద్ధతి కూడా కనిపెట్టారు. అంతరిక్షంలో సౌర ఫలకాలను మడిచి విప్పడానికి వాడిన మడత అది. 2023లో ఆక్స్‌ఫర్డ్ వారు ఇంకా చిన్న జెల్ బిందువులతో ఇలాంటి బ్యాటరీ చేసి దానితో నాడీ కణాలను ప్రేరేపించగలిగారు.

అయితే ఇవింకా ప్రయోగశాల దాటలేదు. 110 ఓల్టులు వచ్చినా శక్తి చాలా తక్కువ. ఉప్పు అటూ ఇటూ సమానమైపోతే బ్యాటరీ అయిపోయినట్టే, బయటి నుంచి కరెంటు పెట్టి మళ్ళీ ఛార్జి చేయాలి. మా నిమ్మకాయలైతే ఐదో రోజుకు ఎండిపోయాయి, వంటాయన మళ్ళీ ఇవ్వనన్నాడు. ఈల్ మాత్రం నాలుగు చేపలు తిని తన పంపులతో సోడియాన్ని మళ్ళీ బయటికి తోడుకుని తర్వాతి షాకుకు తయారవుతుంది. ఒంట్లోనే ఛార్జి అయ్యే బ్యాటరీ కావాలంటే ఆ పంపును చేయడం నేర్చుకోవాలి. ఇప్పుడు వాళ్ళు తల పట్టుకుని కూర్చున్నది అక్కడే.